ఆ అమ్మాయి చెప్పని ఒకటిన్నర పేజీ

బడిలో పిల్లలచేత నాటకం వేయించాలనుకునే కొత్త టీచర్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. మేకప్ సామాను ఎక్కడ దొరుకుతుంది, మైకులు ఎన్ని పెట్టాలి, పిల్లలు వేదిక మీద బిగుసుకుపోతే ఏం చేయాలి అని అడుగుతారు. తెలుగు పంతులుగా పనిచేసిన ప్రతి బడిలోనూ ఏదో ఒక నాటకం వేయించినవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నలకు నా దగ్గర జవాబులున్నాయి. వాళ్ళు అడగని సంగతి ఒకటి ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి విషయంలో నేను చేసిన తప్పు అది. ఒకసారి కాదు, రెండుసార్లు చేశాను. ఆ బడి విడిచాక ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది బిజినేపల్లి దగ్గరి పల్లె. నాగర్‌కర్నూల్‌లో చదువుకునే రోజుల్లో నేనూ వేషాలు కట్టాను. గొంతు పెద్దది కావడంతో ఎప్పుడూ రాజు వేషమే ఇచ్చేవారు. వనపర్తిలో పనిచేసిన పదేళ్ళలో నా దగ్గర తర్ఫీదైన పిల్లలు చాలా బహుమతులు తెచ్చారు. ఆ షీల్డులు స్టాఫ్ రూములో వరసగా పెట్టి ఉండేవి. నేను రోజూ వాటికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చునేవాణ్ణి. ఆ కుర్చీలో వేరే ఎవరైనా కూర్చుంటే నాకు మనసు బాగుండేది కాదు. నా సంగతి అర్థం కావడానికి ఈ మాట చాలు.

రిటైర్మెంటుకు రెండేళ్ళుండగా ధరూర్ వైపు ఒక ఊరి బడికి బదిలీ అయింది. గద్వాలలో ఇల్లు తీసుకుని రోజూ షేర్ ఆటోలో వెళ్ళి వచ్చేవాణ్ణి. వానాకాలం పంటలు ఇంటికి చేరాక తరగతి గదుల్లో ఒక మార్పు కనిపించేది. కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట పనులకు పోయి బడికి రావడం మానేసేవారు. కొందరు ఊళ్ళోనే అవ్వల దగ్గర, తాతల దగ్గర మిగిలేవారు. మిగిలినవాళ్ళలో ఒక రకమైన నిదానం వచ్చేది. పిలిస్తే రెండోసారికి గాని పలికేవారు కాదు.

ఆ యేడు జిల్లా బాలల నాటక పోటీలకు ఈ వలస మీదే నాటకం రాద్దామనుకున్నాను. కథ చిన్నది. ఒక రైతు, అతని భార్య. బోరు ఎండిపోయి, వాళ్ళు పూణె దగ్గర కట్టడం పనికి పోవాల్సి వస్తుంది. ఆరేడేళ్ళ కూతుర్ని అవ్వ దగ్గర వదిలి బస్సెక్కుతారు. వారం రోజుల్లో రాసేశాను. అందులో తల్లి వెళ్ళేముందు కూతురితో చెప్పే సంభాషణ ఒకటిన్నర పేజీ వచ్చింది. "నిన్ను కన్న ఈ నేలను, నిన్ను విడిచి రాళ్ళు మోయడానికి పోతున్నాను బిడ్డా. నా కన్నీళ్ళే నీకు కాపలా" అని మొదలవుతుంది. రాసిన రాత్రి నేనే చదువుకుని, నేనే కళ్ళు తుడుచుకున్నాను.

తొమ్మిది మంది పిల్లల్ని ఎంచుకున్నాను. చివరి పీరియడ్లో, వరండాలో సాధన. తండ్రి వేషం పొడుగాటి పదో తరగతి అబ్బాయిది. పత్తి ఏరే రోజులు కావడంతో చేను నుంచి నేరుగా వచ్చేవాడు, చొక్కాకు పత్తి పోగులు అంటుకుని ఉండేవి. కూతురి వేషం ఆరో తరగతి పాపది. ఎంత చెప్పినా జేబులో పల్లీలు తెచ్చుకుని, మనం ఏడుస్తూ చూడాల్సిన చోట నోరాడిస్తూ కనిపించేది. కండక్టరు వేషగాడు ఎక్కడినుంచో నిజమైన విజిల్ సంపాదించాడు. మొదటిరోజు అది ఊదేసరికి, లాంగ్ బెల్ అనుకుని ఆరో తరగతి మొత్తం సంచులు సర్దుకుని బయటికొచ్చింది. ఆ సాయంత్రాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంగానే ఉంటుంది.

నాకు తోడుగా లెక్కల సారు ఉండేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. నాటకానికి అరగంట గడువు కాబట్టి వాచీ పట్టుకుని కూర్చునేవాడు, అవసరమైతే తప్ప మాట్లాడేవాడు కాదు. హెడ్మాస్టరమ్మ గద్వాలలో మగ్గాలున్న ఇంటి నుంచి వచ్చినావిడ. తల్లి వేషానికి నేను మా ఇంటి నుంచి గంజిపెట్టిన చీర ఒకటి తెస్తే, అంచు వేళ్ళతో పట్టి చూసి, "ఇది కట్టుకొని ఎవరు ఇసుక మోస్తరు సార్?" అని తిరిగి నా చేతిలో పెట్టింది. ఆ మాట చీరకే కాదు, నా సంభాషణకూ వర్తిస్తుందని నాకు అప్పుడు తట్టలేదు.

తల్లి వేషం తొమ్మిదో తరగతి అమ్మాయిది. నిదానస్తురాలు. ఒకటిన్నర పేజీ రెండు రోజుల్లో కంఠతా పట్టింది. ఒక్క అక్షరం పోనిచ్చేది కాదు. గొంతు చివరి బెంచీదాకా వినపడేది. కంటనీరు మాత్రం రాలేదు. వాక్యాలన్నీ వరుసగా, బస్టాండులో ఊళ్ళ పేర్లు చదివినట్టు చెప్పేది.

నేను రకరకాలుగా చెప్పి చూశాను. ఆగి చెప్పమన్నాను. గొంతు తగ్గించమన్నాను. చేతిలో కొంగు నలపమన్నాను. అన్నీ చేసింది. అయినా నాకు కావలసింది రాలేదు. పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. ఆ సాయంత్రం నాకు ఓపిక అయిపోయింది.

ఆ అమ్మాయి తల్లీ తండ్రీ దీపావళి తర్వాత పూణె వైపు పోయారని నాకు తెలుసు. హాజరు పుస్తకం చూసేవాణ్ణి కదా. తెలిసే అన్నాను.

"మీ అమ్మ పోయిననాడు ఎట్లుండెనో ఒకసారి యాది చేసుకో. ఇప్పుడు చెప్పు" అన్నాను. అందరి ముందే అన్నాను.

ఆ అమ్మాయి కదల్లేదు. కింది పెదవి ఒకసారి వణికింది, కళ్ళు తడయ్యాయి. ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆ తడి చూసి నాకు లోపల సంతోషమైంది. వచ్చేసింది, దొరికింది అనుకున్నాను. ఆమె భుజం మీద వేసుకున్న పాత చీర తీసి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచింది. సంచి తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

లెక్కల సారు వాచీ జేబులో పెట్టుకున్నాడు. "అది యాక్టింగ్ కాదు సార్, మీరు అడిగింది" అన్నాడు.

మరునాడు ఆ అమ్మాయి బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నాలుగో రోజు హెడ్మాస్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. "నాటకం ఉంటె ఉంటది, పోతె పోతది. పిల్ల చదువు మాన్తె ఎవరు జవాబు చెప్తరు?" అంది. లెక్కల సారు బండి మీద ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల ఊరికి పోయాం. బడికి మూడు కిలోమీటర్లు ఉంటుంది.

ఇంటి ముందు అరుగు మీద వాళ్ళ అవ్వ, అంటే తల్లికి తల్లి, విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. కాయ నొక్కినప్పుడల్లా ముఖం చిట్లించేది. మమ్మల్ని చూసి గోనెసంచి పరిచింది.

"కూసోండ్రి సారూ" అంది.

"పిల్లకు ఒంట్లో బాగలేదా అవ్వా?" అని అడిగాను.

"పాణం బాగనే ఉంది. ఏడ్పు వస్తలేదని కోపం చేసిన్రంట గద."

"చేసిన. తప్పయింది."

అవ్వ ఒలుస్తూనే ఉంది. నా వైపు చూడలేదు. "నా బిడ్డ పోయేనాడు నేను ఏడ్వలే. అది ఏడ్వలే. ఈ పిల్ల గూడ ఏడ్వలే. ఒక్కరు ఏడిసినా దానికి బస్సెక్కనీకె కాళ్ళు లేస్తయా? బస్సు పోయినంక ఎవరి తావుల వాళ్ళు ఏడ్చుకున్నం. మందిల ఏడ్చి చూపియ్యమంటే ఎట్ల సారూ?"

లెక్కల సారు ఆమె పక్కన కూర్చుని చాటలోంచి గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు. నేనూ తీసుకున్నాను.

కాసేపటికి అమ్మాయి లోపలినుంచి నీళ్ళచెంబు తెచ్చింది.

"రేపటినుంచి బడికి రా అమ్మా. నాటకం చెయ్యకున్నా పర్వాలేదు" అన్నాను.

"నాటకం జేస్త సార్" అంది. "గని ఆ మాటలు నేను చెప్ప."

"ఏ మాటలు?"

"తల్లివి. పోయేటామె గట్ల మాట్లాడదు."

"మరేం మాట్లాడతది?"

"ఏం మాట్లాడదు. పని జేస్తది. టైం ఉండదు గద."

మరునాడు సాధనలో ఆ పనేమిటో చేసి చూపించింది. ఆరో తరగతి పాపను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. నూనె రాసింది. జుట్టు రెండుగా తీసి, జడ అల్లడం మొదలుపెట్టింది. ఎంత గట్టిగా లాగిందంటే పాప తల వెనక్కి వచ్చేసింది.

"అంత గట్టిగ ఎందుకు?" అని అడిగాను.

"అవ్వకు చేతులు నొస్తయి సార్. జడ ఎయ్యరాదు. ఊడకుండ వారం దినాలన్న ఉండాలె గద."

ఆమె పాపకు కూడా నేర్పింది. "నేను గుంజినప్పుడు కండ్లు మూసుకో. అబ్బా అనకు. నొస్తదని అమ్మకు తెల్వొద్దు" అని చెప్పింది. పాప మొదటిసారి జేబులోంచి చెయ్యి తీసి, పల్లీల సంగతి మరచిపోయి కూర్చుంది. లెక్కల సారు వాచీ చూసి, రెండు జడలకు నాలుగు నిమిషాలు పడుతోందన్నాడు. ఆ చేతుల్ని చూడ్డం మాత్రం ఆపలేదు.

అక్కడితో నేను బుద్ధి తెచ్చుకుని ఉంటే ఇది చెప్పుకోదగ్గ కథ అయ్యేది కాదు. ఆ దృశ్యం ఎంత గొప్పదో నాకు తెలిసింది. తెలిసినా నా ఒకటిన్నర పేజీ మీద ఆశ చావలేదు. న్యాయనిర్ణేతలు మాటలు వింటారు, మౌనానికి మార్కులు వేయరు అని నాకు నేనే చెప్పుకున్నాను. "సరే, జడ వెయ్యి. వేసినంక సగం పేజీ చెప్పు. కన్నీళ్ళ ముక్క తీసేస్త" అన్నాను. ఆమె నా వైపు చూసింది, ఏమీ అనలేదు. దాన్నే ఒప్పుకోలు కింద జమకట్టాను. తర్వాతి సాధనల్లో ఆ సగం పేజీ చెప్పింది కూడా. మునుపటిలాగే, ఒక్క అక్షరం పోకుండా, పొడిగా.

పోటీలు గద్వాలలో ఒక హాల్లో జరిగాయి. మాది భోజనాల తర్వాత మూడో నాటకం. పిల్లలు టాటా మ్యాజిక్‌లో పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. నేను వేదిక పక్కన తెర చాటున నాటకం ప్రతి పట్టుకుని నిలబడ్డాను. మాట తప్పితే అందించడానికి.

మొదటి భాగం బాగా నడిచింది. కండక్టరు విజిల్‌కు హాలు నవ్వింది. జడ దృశ్యం మొదలైంది. ఆ అమ్మాయి పాత చీరలో, కాళ్ళు చాపుకుని కూర్చుని దువ్వడం మొదలుపెట్టింది. వెనక సీట్లలో పిల్లల గోల ఉంది. మెల్లగా తగ్గింది. మొదటి జడ అయింది. రిబ్బను ముడి వేసి, పళ్ళతో పట్టి బిగించింది. ఈ పళ్ళతో బిగించడం సాధనలో ఎప్పుడూ చేయలేదు. రెండో జడ కూడా అయింది. ఇక మాట రావాలి.

రాలేదు. ఆమె పాప నెత్తి మీద చెయ్యి పెట్టి, జడలు రెండూ సమంగా ఉన్నాయా లేదా అని చూస్తోంది.

మరచిపోయిందనుకున్నాను. మొదటి మాట అందించాను. ఆమె వినలేదేమోనని గట్టిగా అందించాను. ముందు వరుసలోవాళ్ళు తలలు తిప్పి నా వైపు చూశారు. అప్పుడు ఆమె కూడా నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు, బతిమాలుకోవడం లేదు. కాసేపు ఆగండి సార్ అన్నట్టు చూసి, మళ్ళీ పాప వైపు తిరిగింది. ఒక జడ విప్పింది. విప్పి, ఇంకా గట్టిగా అల్లడం మొదలుపెట్టింది.

హాలు మొత్తం ఆ చేతుల్నే చూస్తోంది. నేను కాగితాలు మూసేశాను. పాప కళ్ళు గట్టిగా మూసుకుంది. తండ్రి వేషం పొడుగాటి అబ్బాయి, వాడు అందుకోవాల్సిన ఆమె చివరి మాట రాకముందే, తనంతట తానే సంచి భుజాన వేసుకుని, "బస్సొచ్చింది" అన్నాడు. ఆమె లేచింది. వెనక్కి తిరగలేదు. తెర పడింది.

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కూడా ఎక్కువ లేవు. జనం చేతులు ఎందుకో తడబడ్డాయి. చూసింది నాటకమని వాళ్ళకు అనిపించలేదని నాకు తెలిసింది.

ఫలితాలు చెప్పేటప్పుడు న్యాయనిర్ణేతల్లో పెద్దాయన మైకు తీసుకున్నారు. మా నాటకం పేరు చెప్పి, ఇతివృత్తం బాగుందని, "అయితే ముఖ్యపాత్రధారిణి సంభాషణ మరచిపోవడం, పక్కనుంచి అందించడం అందరికీ వినపడటం దురదృష్టం" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన విన్నది నా గొంతే.

నేను మూడో వరుసలో ఉన్నాను. లేచి, ఆ పిల్ల మరచిపోలేదండీ అనొచ్చు. అంటే, మరెందుకు చెప్పలేదు అని ఎవరైనా అడుగుతారు. నేను రాసింది బాగాలేక చెప్పలేదు అనాల్సి వస్తుంది. లెక్కల సారు నా మోచేతిని ఒకసారి తాకాడు. నేను లేవలేదు. పదిమందిలో ఆ తప్పు ఆ పిల్ల నెత్తిన పడనిచ్చాను. ఇది రెండోది. మొదటిదానికన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే మొదటిది తొందరలో చేశాను. ఇది కూర్చుని, ఆలోచించుకుని చేశాను.

తిరుగు ప్రయాణంలో మ్యాజిక్‌లో అందరం ఇరుక్కుని కూర్చున్నాం. ధరూర్ రోడ్డు మలుపు దాటాక, ఆ అమ్మాయి ఒళ్ళో కూర్చున్న ఆరో తరగతి పాప తలెత్తి అడిగింది.

"అక్కా, నిజంగనే మర్చిపోయినవా?"

ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూనే మొదలుపెట్టింది. "నిన్ను కన్న ఈ నేలను, నిన్ను విడిచి..." సగం పేజీ కాదు. నేను కొట్టేసిన ముక్కలతో సహా ఒకటిన్నర పేజీ మొత్తం. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. బయట వరికోసిన మళ్ళు వెనక్కి పోతున్నాయి. నేను రాసిన ప్రతి మాటా నాకు మొదటిసారి వినపడింది. ఎంత పొంగి ఉన్నాయో, ఎవరి నోటికీ ఎందుకు సరిపోవో తెలిసింది.

"మరి అక్కడెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్పబుద్ధి కాలే సార్. చెప్తే అబద్ధమైతుండె" అంది. మళ్ళీ తనే, "మీకు మాట వచ్చెగద నా వల్ల" అంది.

మాట వచ్చింది నాకు కాదు, తనకు. నా తరపున తనే బాధపడుతోంది.

మరునాడు ప్రార్థనలో, బడి మొత్తం ముందు చెప్పాను. "నిన్న ఈమె ఏదీ మరచిపోలేదు. నేను రాసిన మాటలు బాగాలేవు. బాగాలేవని ఈమెకు తెలిసింది, నాకు తెలియలేదు. ఆ సంగతి నిన్న హాల్లో చెప్పాల్సింది, ధైర్యం లేక చెప్పలేదు" అన్నాను. పిల్లలకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఆ అమ్మాయి వరుసలో తలవంచుకుని నిలబడింది. న్యాయనిర్ణేత పెద్దాయనకు ఉత్తరం కూడా రాశాను. జవాబు రాలేదు. వస్తుందని రాయలేదు.

ఆ సంభాషణ పూర్తిగా తీసేసి, ఉగాది మరునాడు ఆ అమ్మాయి ఊళ్ళోనే నాటకం వేశాం. పండగకని వలసపోయినవాళ్ళు కొందరు ఊరికి వచ్చి ఉన్నారు. ప్రైమరీ బడి ముందు, ఎండ తగ్గిన వేళ, రెండు బల్లలు జతచేసి వేదిక కట్టాం. జనం నేల మీద కూర్చున్నారు. వాళ్ళలో ఆ అమ్మాయి తల్లి కూడా ఉంది. ఎండకు బాగా నల్లబడింది. రెండు చేతుల నిండా సిమెంటు కాటు మచ్చలు. పక్కన కూర్చున్న భర్తతో ఏదో మాట్లాడుతూ ఉన్నదల్లా, జడ దృశ్యం వచ్చేసరికి ఆగిపోయింది.

ఆ ఊళ్ళో ఆ నాలుగు నిమిషాలు ఎవరూ దగ్గలేదు. వృద్ధులు, ఆడవాళ్ళు, పనికి పోయి వచ్చిన మగవాళ్ళు, వాళ్ళకు మేం కొత్తగా చెప్పేదేమీ లేదు, అంతా వాళ్ళకు తెలిసిందే. అయిపోయాక చప్పట్లు కొట్టలేదు. లేచి, ఎవరి పిల్లల్ని వాళ్ళు చెయ్యి పట్టుకుని ఇళ్ళకు పోయారు.

నేను బల్లలు సర్దుతుంటే ఆ తల్లి నా దగ్గరికి వచ్చింది. కూతురు పక్కనే ఉంది, ఇంకా పాత చీర తీయలేదు. తల్లి కూతురి వైపు చూడలేదు. నన్నే అడిగింది.

"సారూ, నేను గంత గట్టిగ ఏస్తినా?"

నేను నోరు తెరిచేలోపే కూతురు చెప్పింది.

"లే అమ్మా. అది నాటకం కోసం జేసిన. నాకు ఎన్నడు నొయ్యలే."

గొంతులో ఒక్క జీర లేదు. ముఖంలో ఏమీ కదల్లేదు. పాపకు కళ్ళు మూసుకోవడం నేర్పింది ఎవరో నాకు తెలుసు. ఎందుకు నేర్పిందో కూడా తెలుసు. అయినా ఆ మాట విన్న క్షణాన నేను నమ్మాను. తల్లి కూడా నమ్మింది. "గట్లనా" అని, కొంగుతో కూతురి మొహం మీది పౌడరు తుడిచి, ఇంటికి తీసుకుపోయింది.